పొలం కుదువబెట్టి ‘కృత్రిమ మేధ’ చదువు: అహోబిలం పల్లెల్లో తర్జనభర్జన

అహోబిలం: డిగ్రీ పరీక్షల ఫలితాలు వెలువడేసరికి ఆళ్లగడ్డ బస్టాండు మొదలు అహోబిలం దారిలోని టీ బంకుల దాకా కళాశాలల కరపత్రాలు రావడం ఏటా ఉన్నదే. ఇదివరకు వాటిలో ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. అని మాత్రమే ఉండేది. ఇప్పుడు ఆ అక్షరాల పక్కన ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’, ‘డేటా అనలిటిక్స్’ అన్న మాటలు చేరాయి. మాట చేరినందుకు ఫీజూ పెరిగింది. చేరితే ఏమవుతుందో కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఏమి నేర్పుతారో, ఎవరు నేర్పుతారో మాత్రం ఉండదు.

ఇంటికి మొదటి పట్టభద్రుడైన కుర్రవాడు ఆ కాగితం తెచ్చి చూపితే తండ్రికి పాలుపోదు. రెండెకరాల పొలం పాసుపుస్తకం బ్యాంకులో పెట్టాలా, ఇల్లాలి మెడలో ఉన్నది తాకట్టు పెట్టాలా, లేక ఈ ఏటికి ఊరుకోవాలా అన్నది నేడు చాలా ఇళ్లలో రాత్రి భోజనాల తర్వాత జరుగుతున్న చర్చ. చదువు మంచిదే అని అందరూ అంటున్నారు. ఆ చదువు ఏమిటన్నది తెలిసినవారు తక్కువ. అందువల్ల ముందుగా అది చూడవలసి ఉంది.

ఎసట్లో ఎన్ని కిలోల బియ్యం?

దిగువ అహోబిలంలో భోజన హోటలు నడిపే మనిషిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ప్రతి ఉదయం అతని ముందు ఒకే ప్రశ్న ఉంటుంది. ఈ రోజు ఎసట్లో ఎన్ని కిలోల బియ్యం పోయాలి? నరసింహస్వామి జన్మ నక్షత్రమైన స్వాతి నాడు జనం ఎక్కువ. శనివారం ఎక్కువ. ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలకు చెప్పనక్కరలేదు. ముసురు పట్టిన రోజున ఎగువకు, పావన నరసింహస్వామి అడవి దారికి పోయేవారు తగ్గుతారు. ఎక్కువ వండితే మిగిలిన అన్నం కుడితి తొట్టి పాలు. తక్కువ వండితే వచ్చిన గిరాకీ పక్క హోటలు పాలు. ఏళ్ల తరబడి చూసిన అనుభవంతో అతను ఒక అంకె అనుకుంటాడు. చాలా రోజులు అది సరిపోతుంది.

ఆ అనుభవాన్నే పుస్తకంలో రాసిపెట్టారనుకుందాం. పదేళ్లపాటు ప్రతి రోజూ ఏ వారం, ఏ నక్షత్రం, వాన ఉన్నదా లేదా, ఎన్ని బస్సులు వచ్చాయి, ఎన్ని భోజనాలు అమ్ముడయ్యాయి అన్నది వరుసగా ఉన్నదనుకుందాం. దాన్ని కంప్యూటరుకు ఇస్తే వాటి మధ్య ఉన్న సంబంధాన్ని అది తానే వెతికి పట్టుకుంటుంది. స్వాతి నక్షత్రం శనివారం పడితే ఎంత, ఆ రోజు వాన కూడా ఉంటే ఎంత అని లెక్క చెబుతుంది. పాత లెక్కల నుంచి యంత్రం ఇలా నేర్చుకోవడాన్నే ‘మెషిన్ లెర్నింగ్’ అంటున్నారు. కృత్రిమ మేధలో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న భాగం ఇదే. లెక్కలను పోగుచేసి, తప్పులు ఏరివేసి, వాటి నుంచి వ్యాపారానికి పనికివచ్చే మాట బయటికి తీయడం ‘డేటా అనలిటిక్స్’. ఒక్క హోటలుకు ఇంత హంగామా అక్కరలేదు. వెయ్యి దుకాణాలున్న కంపెనీకి, కోటి మంది ఖాతాదార్లున్న బ్యాంకుకు అది లేకపోతే రోజు గడవదు.

పీజీ స్థాయిలో ఈ చదువుకు మూడు కాళ్లు. ఒకటి సంఖ్యాశాస్త్రం. రెండు కంప్యూటరు పని. లెక్కలను భద్రపరిచి అడిగిన వెంటనే బయటికి తీసే పద్ధతి, పైథాన్ వంటి భాషలో ఆజ్ఞలు రాయడం ఇందులోకి వస్తాయి. మూడవది వ్యాపారం. జమాఖర్చులు, అమ్మకాలు, సరుకు నిల్వ, అప్పు ఎవరికి ఇవ్వవచ్చునన్న విచారణ. ఈ మూడింటిలో ఒక కాలు లేకపోయినా పీట నిలబడదు. కరపత్రాల్లో ఎక్కువగా కనిపించేది రెండవ కాలు మాత్రమే.

మరొక సంగతి. యంత్రం అంకె చెబుతుంది, నష్టం వస్తే భరించేది మనిషి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చి గుడి తలుపులు మూతబడ్డాయి. పదేళ్ల పుస్తకం మాత్రమే చూసి లెక్కగట్టే యంత్రం ఆ రోజు కూడా ఎప్పటిలాగే అన్నం వండమనేది. పుస్తకంలో లేనిది అటువంటి యంత్రానికి తెలియదు. ఎప్పుడు దాని మాట వినాలో, ఎప్పుడు వినకూడదో తెలుసుకోవడమే పైచదువు. మిగతాది టైపు నేర్చుకోవడం వంటిది.

సీమ మట్టి నుంచే

ఇదంతా అమెరికా వారి విద్య, మనకెక్కడ అబ్బుతుంది అనేవారు ఉన్నారు. కృత్రిమ మేధ అన్న పేరు 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సమావేశంతో స్థిరపడిన మాట నిజం. ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో శిష్యరికం చేసి 1966లో డాక్టరేటు పొందిన వ్యక్తి మాత్రం రాయలసీమ వాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో రైతు కుటుంబంలో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డి, లోకానికి తెలిసిన పేరు రాజ్ రెడ్డి. మనిషి మాటను యంత్రం పోల్చుకునే విద్యలో ఆయన తొలితరం పరిశోధకుడు. 1994లో కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం ఆయనకు దక్కింది. ఆసియా ఖండం నుంచి ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. పల్లె పిల్లలకోసం 2008లో ఇడుపులపాయ, నూజివీడు, బాసరలలో ట్రిపుల్ ఐటీలతో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలరుగా కూడా వ్యవహరించారు. పదవ తరగతి మార్కులతో ఇడుపులపాయలో సీటు తెచ్చుకున్న పిల్లలు ఈ ప్రాంతంలోనూ ఉన్నారు. ఆ బడి వెనుక ఉన్న మనిషి ఎవరో వారి తల్లిదండ్రులలో ఎందరికి తెలుసు?

ఇక సంఖ్యాశాస్త్రంలో కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్. రావుగా ప్రసిద్ధుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి సంఖ్యాశాస్త్రం నేర్చి, పాతికేళ్ల వయస్సులోనే 1945లో రాసిన ఒక వ్యాసం నేటికీ ప్రపంచమంతటా పాఠ్య పుస్తకాల్లో ఉంది. యంత్రం చెప్పే అంచనాలో ఎంత తప్పు అనివార్యమో తేల్చే సూత్రాలలో ఒకటి ఆయన పేరిటే నడుస్తోంది. 2023లో నూటరెండేళ్ల వయస్సులో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు. కొత్త యంత్రాలన్నిటి అడుగున ఉన్నది ఇటువంటి పాత గణితమే. అందుచేత ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌ను ‘పాత కోర్సు’ అని ఈసడించడం తెలివైన పని కాదు.

దేవనకొండ చెప్పిన పాఠం

ఈ విద్య సేద్యానికి ఎక్కిన సంఘటన మన పాత కర్నూలు జిల్లాలోనే జరిగింది. అప్పటికి నంద్యాల జిల్లా ఏర్పడలేదు. అది 2022 ఏప్రిల్ 4న వచ్చింది. 2016 ఖరీఫ్‌లో దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు సెల్‌ఫోన్లలో తెలుగులో సందేశాలు వచ్చాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ, మైక్రోసాఫ్ట్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రయోగం అది. 1986 నుంచి 2015 వరకు ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు తీసుకుని, భూమిలో తేమ చాలినంత ఎప్పుడు ఉంటుందో కంప్యూటరు లెక్కగట్టింది. తొలకరి పడగానే జూన్ మొదట్లో విత్తడం అక్కడి అలవాటు. ఆగండి, జూన్ చివరి రోజుల్లో విత్తండి అన్నది సందేశం.

వాన పడిన నేలను చూస్తూ విత్తనం చేతబట్టుకుని మూడు వారాలు ఆగడం ఎంత కష్టమో సేద్యం చేసేవారికి వేరే చెప్పాలా. ఆగినవారికి ఎకరా దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ప్రయోగం చేసిన సంస్థలు ప్రకటించాయి. మరుసటి ఏడు ఆంధ్ర, కర్ణాటకలలో మూడువేల మందికి పైగా రైతులకు విస్తరించగా పంటను బట్టి 10 నుంచి 30 శాతం దాకా పెరుగుదల కనిపించిందని చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ సందేశాల్లో విత్తే తేదీ ఒక్కటే లేదు. విత్తనశుద్ధి, భూసార పరీక్షను బట్టి ఎరువు, ఎంత లోతున విత్తాలి అన్న సలహాలు కూడా ఉన్నాయి. కనుక ఆ 30 శాతంలో కంప్యూటరు వాటా ఎంత, మంచి సేద్యం వాటా ఎంత అని విడదీయడం అవసరం. అలా విడదీసి అడగగలిగినవాడే ఈ చదువు నిజంగా చదివినవాడు. 30 శాతం అన్న అంకెను మాత్రం పట్టుకుని ఊరూరా చెప్పుకు తిరిగేవాడు కరపత్రం చదివినవాడు.

ఎక్కడ చదవాలి?

రాష్ట్రంలో ఎం.బి.ఏ., ఎం.సి.ఏ.లకు ఐసెట్, ఎం.టెక్.కు గేట్ లేదా పీజీఈసెట్, ఐఐఎంలకు క్యాట్ అన్నవి దారులు. దేశంలో వ్యాపార విశ్లేషణకు గట్టి పేరున్న కోర్సులలో ఒకటి 2015లో మొదలైంది. కలకత్తా ఐఐఎం, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఖరగ్‌పూర్ ఐఐటీ మూడూ కలిసి నడిపే రెండేళ్ల డిప్లొమా అది. వ్యాపారం ఒకచోట, లెక్క ఒకచోట, యంత్రం ఒకచోట నేర్పుతారు. పైన చెప్పిన మూడు కాళ్ల పీట అంటే అదే. బెంగుళూరు ఐఐఎం 2020లో ఇటువంటిదే పెట్టింది. హైదరాబాదు ఐఐటీ 2019లో కృత్రిమ మేధలో బి.టెక్. ప్రారంభించి దేశానికి దారి చూపింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రంలో ఎం.టెక్. ఏనాటి నుంచో ఉంది. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద 2015లో వచ్చిన ట్రిపుల్ ఐటీ ఈ ప్రాంతానికి దగ్గర. నంద్యాలలోనూ 1995 నాటి రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగ్ కళాశాల మొదలుకొని పేరున్న కళాశాలలు లేకపోలేదు.

చిక్కంతా పేరు మార్చి పాత సరుకు అమ్మేచోట వస్తుంది. రెండేళ్ల ఎం.బి.ఏ.లో రెండు పేపర్ల పేరు మార్చి ‘ఏఐ’ తగిలించినంత మాత్రాన అది కొత్త చదువు కాదు. చేరేముందు తండ్రీ కొడుకూ కలిసి కళాశాలకు వెళ్లి, సంఖ్యాశాస్త్రం చెప్పే అధ్యాపకుడు ఎవరు, వారానికి ప్రయోగశాలలో ఎన్ని గంటలు, కిందటేడు చదివిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని అడగాలి. వీలైతే ఆ పిల్లలలో ఇద్దరితో ఫోనులో మాట్లాడాలి. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. పది లక్షల చదువుకు ఆ మాత్రం చూడడానికి మొగమాటం ఎందుకో తెలియదు.

పదవ తరగతితో లెక్కలు వదిలేసి బీకాం, బీఏ చదివిన పిల్లలకు మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. వారిని అడ్డుకునేది తెలుగు మీడియం అని అందరూ అనుకుంటారు. నిజానికి ఇంగ్లీషు కంటె సంభావ్యత, సగటు, విచలనం అన్న లెక్కలే ఎక్కువ అడ్డు. వాటిని ఇంట్లో కూర్చుని దిద్దుకోవచ్చు. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటెల్, స్వయం వేదికలలో ఉచితంగా ఉన్నాయి. పరీక్ష రాసి యోగ్యతాపత్రం కావాలంటేనే రుసుము. రెండు నెలలు ఆ పాఠాలు విని, ఇష్టం నిలిచిందో లేదో చూసుకుని చేరినవాడికి పోయేదేమీ లేదు.

అప్పు లెక్క

అసలు కథ ఇక్కడ ఉంది. 2020 డిసెంబరులో వెలువడిన జీవో 77తో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్సుమెంటు నిలిచిపోయింది. దాన్ని ఎత్తివేయాలన్నది విద్యార్థి సంఘాల కోరిక, 2024 ఎన్నికల ముందు అది హామీగానూ మారింది. చేరే సంవత్సరానికి ఏ ఉత్తర్వు అమలులో ఉన్నదో సాంఘిక సంక్షేమ కార్యాలయంలో కాగితం చూసి నిర్ధారించుకోవాలి. ‘వస్తుందిలే’ అన్న కళాశాల గుమాస్తా మాట మీద సంతకం చేయరాదు.

కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో సీటు వస్తే ఆస్తి హామీ, జామీను లేకుండా బ్యాంకు అప్పు ఇవ్వాలి. ఏటా 8 లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలకు 10 లక్షల అప్పు వరకు వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. ఆ జాబితాలో లేని కళాశాలలో చేరితే ఈ పథకం వర్తించదు. మామూలు విద్యారుణాల్లో ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి అడుగుతాయి. పొలం కాగితాలు కదిలేది అక్కడే.

లెక్క వేసి చూద్దాం. పది లక్షల అప్పు మొదటి రోజే పూర్తిగా తీసుకున్నారు, వడ్డీ నూటికి ఏడాదికి పది అనుకుందాం. చదువు రెండేళ్లు, ఆపై ఒక ఏడాది గడువు. ఆ మూడేళ్లకు మామూలు వడ్డీయే 3 లక్షలు. ఆ 13 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకు 17 వేలకు పైగా కట్టాలి. కుర్రవాడికి పాతిక వేల ఉద్యోగం వస్తే చేతిలో మిగిలేది ఎనిమిది వేలకు లోపు. అందులో హైదరాబాదులో గది అద్దె, తిండి, బస్సు ఛార్జీలు. ఇంటికి పంపేది ఏమీ ఉండదు సరికదా, ఇంటి నుంచే పంపవలసి వస్తుంది. జీతం నలభై వేలు దాటితేనే ఈ అప్పు ఊపిరి తీసుకోనిస్తుంది. చదువులో దిగేముందు ఈ చిన్న లెక్క వేయలేనివాడు రేపు కంపెనీ లెక్కలు ఏమి వేస్తాడు?

విదేశాల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. అమెరికాలో మామూలు ఎం.బి.ఏ. చదివితే చదువు తర్వాత ఒక ఏడాది మాత్రమే పని చేసుకోనిస్తారు. సైన్సు, సాంకేతిక జాబితాలోకి వచ్చే కోర్సయితే మరి రెండేళ్లు పొడిగింపు ఉంటుంది. చాలా విశ్వవిద్యాలయాలు ‘బిజినెస్ అనలిటిక్స్’ను ఆ జాబితాలో చేర్పించాయి. తెలుగు పిల్లలు ఈ కోర్సుకు ఎగబడడానికి జ్ఞానతృష్ణతో పాటు ఆ మూడేళ్లూ కారణమే. అయితే 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అక్కడే చదివి హోదా మార్చుకునేవారికి అది వర్తించదని మరుసటి నెలలో వివరణ వచ్చినా, కంపెనీలు వెనుకంజ వేస్తాయన్న భయం పోలేదు. బ్రిటన్‌లో ఏడాదిలో చదువు ముగుస్తుంది. కాని ఆ తర్వాత ఉండనిచ్చే రెండేళ్ల గడువును 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి పద్దెనిమిది నెలలకు తగ్గిస్తున్నారు. ఏజెంట్ల కరపత్రాలు సాధారణంగా కిందటేటి నిబంధనలతో అచ్చయి ఉంటాయి.

ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి, కాని మొదటి మెట్టు అరుగుతోంది. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ వచ్చిన తర్వాత, కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ఇచ్చే చిన్న పనులను యంత్రమే చేయసాగింది. 2025 జూలైలో టీసీఎస్ సంస్థ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేలకు పైగా మందిని, తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరు 14న విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. రెండు వార్తలూ చదివిన తండ్రి ఏది నమ్మాలి? రెండూ నిజమే. డేటా కేంద్రం అంటే ప్రధానంగా కంప్యూటర్లు నిలవచేసే గిడ్డంగి. దానికి కావలసింది ముందు కరెంటు, నీరు. కట్టేటప్పుడు పని ఎక్కువ, నడిచేటప్పుడు మనుషులు తక్కువ. వ్యాపార విశ్లేషణ చదివినవారికి పని దొరికేది ఆ గిడ్డంగిలో కాదు; దాన్ని వాడుకునే బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో, ఆస్పత్రుల్లో, సరుకుల కంపెనీల్లో.

అక్కడ పల్లె పిల్లలకు ఒక అనుకూలత ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. పసుపు ఆరబెట్టి ధరకోసం కాచుకున్న ఇంట్లో పెరిగిన పిల్లకు, తెలుగుగంగ నీరు ఆలస్యమైతే కౌలుదారు అప్పు ఎట్లా మారుతుందో కళ్లారా చూసిన పిల్లవాడికి, పంటరుణాల లెక్కలో ఏ అంకె అబద్ధమో చూడగానే తెలుస్తుంది. బెంగుళూరులో పెరిగినవాడికి అది పుస్తకంలో దొరకదు. ఆడపిల్లలను దూరం పంపడానికి జంకే కుటుంబాలు కూడా ఆలోచించాలి. ఇది ఎండలో నిలబడే పని కాదు, లెక్కలో శ్రద్ధ ఉన్న పిల్లలు రాణించే పని.

కాని ఆ అనుకూలతను పిల్లలే పారేసుకుంటున్నారు. పీజీ చివర ఒక ప్రాజెక్టు చేయాలి. ఉద్యోగానికి వెళ్లినచోట మొదట అడిగేది దాని గురించే. చాలామంది అమీర్‌పేట సందుల్లో తయారుగా అమ్మే ప్రాజెక్టును కొని, పేరు మార్చి ఇస్తున్నారు. ఎక్కడో అమెరికా దుకాణం అమ్మకాల లెక్క అది. రెండవ ప్రశ్నకే నోరు పెగలదు. అప్పు తెచ్చిన పది లక్షలలో చివరి అయిదారు వేలు అలా వెళతాయి.

నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. స్వామి పేరే పెట్టుకున్న ‘నరసింహ’ పత్తి అక్కడి నుంచి వచ్చిందే. ఆళ్లగడ్డలో శిల్పులు ఉన్నారు, ఏ నెలలో ఎంత ఎత్తు విగ్రహాలకు బేరాలు వస్తాయో వారి పద్దు పుస్తకాల్లో ఉంటుంది. సంక్రాంతి దాటగానే అహోబిలేశుడు పార్వేటకు బయలుదేరి నలభై రోజులకు తక్కువ కాకుండా ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఏ ఊరికి ఏ రోజు వస్తాడో ముసలివారు వేళ్ల మీద చెబుతారు. ఆ రోజు ఆ ఊరికి ఎంతమంది వస్తారు, ఆళ్లగడ్డ డిపో ఎన్ని బస్సులు వేయాలి, అంగళ్ల వాళ్లు ఎంత సరుకు దించుకోవాలి అన్నది నాలుగేళ్ల లెక్క రాసుకుంటే తేలుతుంది. ప్రాజెక్టుకు ఇంతకంటె మంచి విషయం అమీర్‌పేటలో దొరకదు.